వెయ్యి రూపాయల పతకం

(గుంటూరులో ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల సమావేశంలో, అదే కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైన లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. శంకర్‌విలాస్ బ్రిడ్జి పనుల వల్ల సగం మంది మూడు వంతెనల దగ్గర ఇరుక్కుపోయారని ఫోన్లు వస్తున్నాయి. వాళ్ల కోసం ఆగితే భోజనాలు చల్లారిపోతాయి కాబట్టి మొదలుపెట్టేస్తున్నాను. ఒకందుకు మంచిదే, వాళ్లు వచ్చేసరికి చావు మాటలు అయిపోతాయి.

నవ్వకండి. ఇవాళ వీలునామాలో కాలేజీకి కొంత రాయడం గురించి మాట్లాడతానంటే మా ఆవిడ, "ఇన్నేళ్ల తరవాత అందరూ కలుసుకుంటుంటే ఆ వీలునామా గోల ఏమిటండీ" అంది. మన ఇళ్లలో ఆ మాట వినపడగానే ఎవరో ఒకరు "ఛ, ఊరుకోండి" అంటారు. కాగితం రాస్తే యముడికి కబురు పెట్టినట్టేనని భయం. నేను రాసి పదకొండేళ్లయింది. మధ్యలో రెండుసార్లు మార్చాను కూడా. షుగర్ తప్ప ఇంకేమీ రాలేదు.

నేను వకీలును కాను. నాకున్న అర్హతల్లా ఒక రిజిస్టర్. సర్వీసులో ఆఖరి ఆరేళ్లు మన కాలేజీ ఎండోమెంట్ రిజిస్టర్, అంటే దాతలిచ్చిన నిధుల లెక్కల పుస్తకం, నా చేతిలో ఉండేది. ఎర్ర గుడ్డ అట్ట, మూలలకి తోలు, లోపల పేజీకి ఒక దాత. పైన దాత పేరు, ఊరు, ఇచ్చిన తేదీ, మొత్తం, షరతు. కింద ఏడాదికో గీత: వడ్డీ ఎంత వచ్చింది, ఎవరికిచ్చాం. మీలో కొందరి పేర్లు కూడా అందులో ఉన్నాయి. బహుమతి తీసుకుని దాత పేరు మరిచిపోయినవాళ్లు ఎవరో నేనిప్పుడు చెప్పను.

అందులో ఒక పేజీ గురించి చెబుతాను. దుగ్గిరాల పక్క ఊరి పసుపు రైతు ఒకాయన. కొడుకు ఇక్కడే చదువుతూ జబ్బు చేసి పోయాడు. ఆ తండ్రి 1962లో పోతూ వీలునామాలో మన కాలేజీకి 1,000 రూపాయలు రాశారు. షరతు ఒక్కటే: "నా కుమారుని జ్ఞాపకార్థము ప్రతి సంవత్సరము పీయూసీ లెక్కలలో ప్రథముడుగా వచ్చిన విద్యార్థికి వెండి పతకము ఇవ్వవలెను." పీయూసీ అంటే అప్పట్లో డిగ్రీకి ముందు ఒక ఏడాది చదువు. ఆ రోజుల్లో పది గ్రాముల బంగారం 120 రూపాయలకి అటూ ఇటూ. కాసుకి ఎనిమిది గ్రాముల లెక్కన వెయ్యి రూపాయలంటే పది కాసులన్నమాట. ఇవాళ పది కాసులంటే ఎనిమిది లక్షల పైమాటే. చిన్న దానమేమీ కాదు.

మొదటి ఎనిమిదేళ్లకీ ఎనిమిది పేర్లున్నాయి, నీలం సిరాతో, గుండ్రటి చేతిరాతతో. తరవాత పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్ వచ్చింది. ఆ ఏడాది గీతలో "పీయూసీ లేనందున పతకము ఇవ్వలేదు" అని రాశారు. మరుసటి ఏడాది ఆ మాట కింద డిట్టో గుర్తు. ఆపై ఏడాదీ డిట్టోయే. సిరా రంగు మారింది, చేతిరాత మారింది, గుమాస్తాలు ఒకరి తరవాత ఒకరు రిటైరయ్యారు, డిట్టో మాత్రం దిగుతూనే వచ్చింది. ముప్పై అయిదేళ్లు! నా చేతికి వచ్చేసరికి వడ్డీ మీద వడ్డీ చేరి బ్యాంకులో 14,000 చిల్లర ఉంది. ఆ డబ్బుకి అప్పటి ధరలో పది కాసులు కాదు కదా, మూడు కాసులు కూడా రావు. నేనూ మొదటి ఏడాది డిట్టోయే పెట్టాను. సిగ్గుపడుతూనే పెట్టాను.

పీయూసీ లేకపోతే ఇంటర్ పిల్లాడికి ఇవ్వొచ్చుగా అంటారు. ఇవ్వాలనే అందరికీ ఉంది. కానీ దాత లేరు, షరతు ఆయనది. కమిటీలో ఒకాయన "మనం మారిస్తే రేపు వారసులు అడిగితే?" అనేవారు. ఇంకొకాయన "మార్చకపోతే అడగరా?" అనేవారు. సమావేశం కాఫీతో ముగిసేది. ప్రజా ధర్మనిధి ఉద్దేశం నెరవేరే దారి లేనప్పుడు దానికి దగ్గరగా ఉన్న మరో ఉద్దేశానికి మార్చమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టును అడగొచ్చు. పద్నాలుగు వేల కోసం కోర్టుకి ఎవరు వెళతారు? వకీలు ఫీజుకే చాలదు. చివరికి దాత మనవడి ఆచూకీ దొరికింది. ఆయన సంతకం తీసుకుని, కమిటీలో తీర్మానం చేసి, బీఎస్సీ మొదటి సంవత్సరం లెక్కలకి మార్చాం. చట్టం లెక్కన అది సరిపోతుందో లేదో నేను గుచ్చి గుచ్చి అడగలేదు.

ఆ రైతు "పీయూసీ లేదా దానికి బదులుగా వచ్చే తరగతి" అని నాలుగు మాటలు ఎక్కువ రాయించి ఉంటే ముప్పై అయిదు మంది పిల్లల మెడలో ఆ అబ్బాయి పేరు పడేది. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఆ నాలుగు మాటల గురించే. కాలేజీకి రాసేవాళ్లు మంచి మనసుతోనే రాస్తారు. కానీ ఆ మనసు మీద ఎన్ని ముళ్లు వేస్తారంటే, విప్పేవాడికి గోళ్లు ఊడిపోతాయి.

పెద్ద పెద్ద దానాలకే ఈ గతి పట్టింది. మద్రాసు పచ్చయప్ప కాలేజీ పేరు మీరంతా వినే ఉంటారు. పచ్చయప్ప మొదలియార్ 1794లో పోయారు. ఆస్తిని దేవుడి సేవకీ ధర్మకార్యాలకీ వీలునామాలో రాశారు. తరవాత తగాదాలు, కోర్టులు. డబ్బు ఏళ్ల తరబడి కదలకుండా పెరుగుతూ పోయింది. కోర్టు పూనుకుని, మిగులు డబ్బును చదువుకి వాడే ఏర్పాటు చేశాక, ఆయన పేరున బడి తెరిచింది 1842లో. ఆయన పోయిన నలభై ఎనిమిదేళ్లకి! కోర్టు ఆ మిగులును చదువు వైపు తిప్పకపోతే ఇవాళ ఆ పేరు మనకి తెలిసేదే కాదేమో. అమెరికాలో హార్వర్డ్‌కి ఆ పేరు వచ్చింది కూడా వీలునామా వల్లే. జాన్ హార్వర్డ్ అనే పాదిరీ 1638లో చిన్న వయసులో క్షయతో పోతూ ఆస్తిలో సగం, తన పుస్తకాలు సుమారు 400 అప్పుడే పుట్టిన కాలేజీకి చెప్పి పోయాడు. 1764లో లైబ్రరీ తగలబడి ఆ పుస్తకాలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. పేరు మిగిలింది. ఈ పుస్తకాల సంగతి మళ్లీ చివర్లో వస్తుంది, గుర్తుంచుకోండి.

మన దగ్గర మాత్రం బతికుండగా ఇవ్వడమే ఎక్కువ. బెజవాడ ఎస్సారార్ అండ్ సీవీఆర్ కాలేజీ పేరు చూడండి. రాజా రంగయ్యప్పారావు గారు, చుండి వెంకటరెడ్డి గారు, ఇద్దరి పేర్లూ అందులోనే ఉన్నాయి. 1937 నాటి కాలేజీ. మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో ప్రాక్టీసు చేసిన ఒక వైద్యురాలు 2022లో ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో తల్లీ పిల్లల విభాగానికి 20 కోట్లు ఇస్తానని వాళ్ల పూర్వ విద్యార్థుల సభలో ప్రకటించారు. పేపర్లలో మీరు చదివే ఉంటారు. అలా కళ్లెదురుగా ఇచ్చి, కట్టడం చూసుకోగలిగితే అంతకంటే ఏం కావాలి? ఇవ్వగలిగినవాళ్లు ఇప్పుడే ఇవ్వండి. ఈ వీలునామా ఉపన్యాసం మీకు అక్కర్లేదు.

పన్ను విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మనవాళ్లు మొదట అడిగేది అదే. బతికుండగా ఇస్తే, ఆ సంస్థకి ఆమోదం ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ విరాళం మీద పన్ను మినహాయింపు వస్తుంది. కొత్త విధానంలో అది లేదు. వీలునామాలో రాస్తే మినహాయింపు ఎవరికీ రాదు. ఇంగ్లండ్, అమెరికాల్లో పోయినవాడి ఆస్తి మీద పన్ను పడుతుంది కాబట్టి అక్కడ కాలేజీలు "మాకు రాయండి, పన్ను తగ్గుతుంది" అని ఉత్తరాలు పంపుతాయి. మన దేశంలో ఆ పన్నును, అంటే ఎస్టేట్ డ్యూటీని, 1985లోనే ఎత్తేశారు. కాబట్టి ఇక్కడ కాలేజీకి రాసేవాడు పన్ను కోసం రాయడం లేదు.

మరి వీలునామా ఎవరికి? నాబోటివాళ్లకి. పెన్షన్ వస్తుంది, ఓ ఇల్లుంది, కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఇప్పుడు తీసి ఇచ్చేద్దామంటే భయం. ఎన్నాళ్లుంటామో తెలియదు, ఏ ఆసుపత్రిలో ఎంత బిల్లు అవుతుందో అంతకన్నా తెలియదు. వీలునామాలో ఉన్న సుఖం ఏమిటంటే, రాశాక కూడా డబ్బు మీ దగ్గరే ఉంటుంది. మనసు మారితే రేపే చింపేయొచ్చు. దాన సెటిల్‌మెంట్ చేస్తే, అంటే బతికుండగానే ఆస్తి రాసి ఇచ్చేస్తే, ఆ సౌకర్యం లేదు, ఇచ్చింది ఇచ్చినట్టే. ఉన్నన్నాళ్లూ తినండి, మందులు కొనుక్కోండి, మిగిలితే కాలేజీకి. మిగలకపోతే కాలేజీ వాళ్లేం చేస్తారు, ప్రిన్సిపాల్ గారూ? ఏమీ చేయలేరు.

ఇక రాయడం. మన దస్తావేజు లేఖరులు గొప్పవాళ్లే, నేను కాదనను. కానీ వాళ్ల దగ్గర ఒక నమూనా ఉంటుంది. నమూనాలో "మీ కుమారుడు" అన్నచోట "కాలేజీ" అని మార్చి టైపు చేసేస్తారు. ఒక దాత వీలునామా నా చేతికి వచ్చింది. అందులో ఏమని ఉందో తెలుసా? "సదరు స్థలమును నా తదనంతరము సదరు కాలేజీ వారు దాన విక్రయ వినిమయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించవలెను." కాలేజీకి పుత్రులెక్కడ, పౌత్రులెక్కడ! ఆఫీసంతా వారం రోజులు నవ్వుకున్నాం. కానీ ఆ వాక్యంలో తమాషా కాని మాట ఒకటుంది. "దాన విక్రయ వినిమయాది సర్వహక్కులు" అంటే కమిటీ ఆ స్థలాన్ని అమ్ముకోవచ్చు. దాతగారికి ఆ ఉద్దేశం ఉందా? ఆయన కూతురు అంది, "మా నాన్న అక్కడ హాస్టల్ కట్టాలనుకున్నారు" అని. కాగితంలో హాస్టల్ అనే మాటే లేదు.

నా అభిప్రాయం అడిగితే, ఇల్లూ స్థలమూ అమ్ముకునే హక్కుతోనే ఇవ్వండి. కాలేజీ వాళ్లు అద్దెలు వసూలు చేయలేరు, అద్దెకున్నవాణ్ని ఖాళీ చేయించలేరు, కురిసే స్లాబు బాగుచేయించలేరు. అమ్మిన డబ్బు దేనికి వాడాలో మాత్రం రాయండి.

ఎవరి పేరున రాయాలన్నది ఇంకో చిక్కు. ఉత్తిగా కాలేజీ పేరు రాస్తే చాలదు. చట్టం దృష్టిలో ఆస్తి పుచ్చుకోగలిగేది దాన్ని నడిపే సొసైటీయో, ట్రస్టో. ఆ రిజిస్టరైన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఆఫీసులో అడిగి రాయించుకోండి. ప్రభుత్వ కాలేజీ అయితే సంగతి వేరు, యూనివర్సిటీ అయితే ఇంకా వేరు. దాని వెనకాలే ఇంకో వాక్యం రాయండి: "ఆ సంస్థ అప్పటికి లేకపోయినా, మరో సంస్థలో కలిసిపోయినా, గుంటూరులో అలాంటి పని చేసే మరో విద్యాసంస్థకి నా ఎగ్జిక్యూటర్ నిర్ణయం మేరకు." ఎగ్జిక్యూటర్ అంటే మీరు పోయాక వీలునామా అమలు చేయడానికి మీరు పేరు పెట్టిన మనిషి. సంస్థలు ఎక్కడికి పోతాయి అనుకోకండి. 2021లో ఎయిడెడ్ కాలేజీల సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకునే విధానం వచ్చినప్పుడు ఏ కాలేజీ ఉంటుందో, ఏది మూస్తారో అని రాష్ట్రమంతా పిల్లలు రోడ్డెక్కారు. అంతెందుకు, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది బెజవాడలో. 1930కల్లా వాల్తేరు వెళ్లిపోయింది. బెజవాడలో ఉంటుందని నమ్మి ఎవరైనా పక్కనే స్థలం రాసి ఉంటే ఆ స్థలం గతేమిటో ఆలోచించండి.

పొలం రాసేవాళ్లకి మన జిల్లాలోనే పాఠం ఉంది. 2015లో రాజధాని కోసం ఇరవై తొమ్మిది ఊళ్లలో భూ సమీకరణ జరిగింది. అంతకు ముందు వీలునామా రాసినవాళ్లు "సర్వే నంబరు ఫలానాలో ఎకరం" అని రాశారు. పొలం పోయి ప్లాట్లు వచ్చాయి. వారసత్వ చట్టం ఏమంటుందంటే, ప్రత్యేకంగా పేరు పెట్టి ఇచ్చిన ఆస్తి మీరు పోయేనాటికి మీది కాకపోయినా, మరో రూపానికి మారిపోయినా ఆ దానం చెల్లదు. ప్లాటు ఆ ఎకరానికి బదులు వచ్చిందేగా అని మీరంటారు. కావచ్చు, కానీ తగాదా పెట్టుకోదలచినవాడికి ఆ సందు చాలు. అందుకే నేను పొలమూ, ఇల్లూ, ఫలానా బ్యాంకు డిపాజిట్టూ అని పేర్లు పెట్టొద్దంటాను. "అప్పులు, ఖర్చులు పోను నాకు మిగిలే మొత్తం ఆస్తిలో పదో వంతు" అనండి. ఆస్తి పెరిగితే కాలేజీకి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది, పిల్లలకీ ఇబ్బంది ఉండదు.

భార్య గురించి ఒక్క మాట. మనవాళ్లు చాలామంది "నా భార్య జీవితకాలం అనుభవించి, ఆమె తదనంతరం కాలేజీకి" అని రాస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది, నెల్లూరు వైపు నుంచి వెళ్లిన కేసే, తులశమ్మ కేసంటారు. భార్యకి మనోవర్తి హక్కు కింద ఇచ్చిన ఆస్తి, కాగితంలో జీవితకాలం అని పరిమితి పెట్టినా ఆమెకి పూర్తి హక్కుగా మారుతుందని చెప్పింది. అలా మారితే ఆ తరవాత ఆవిడ ఇష్టం. కాలేజీ మాట పైకి లేవదు. అలా మారకుండా ఉండే సందర్భాలూ ఉన్నాయి కాబట్టి, దీని మీద కోర్టుల్లో ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. మీరు ఈ వాక్యం రాయాలనుకుంటే మాత్రం మంచి వకీలు దగ్గరికే వెళ్లండి. నా మాట మీద నిలబడొద్దు. ముందు ఆవిణ్ని అడగండి. మా ఇంట్లో అడిగితే "నాకు ఇవ్వాల్సింది నాకివ్వండి, కాలేజీకి ఏమివ్వాలో నేను చూసుకుంటా" అంది. అంతకన్నా మంచి వీలునామా లేదనిపించింది.

మతాన్ని బట్టి కూడా తేడాలున్నాయి. మన ముస్లిం మిత్రులు అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు దాకానే వీలునామాతో ఇవ్వగలరు. అంతకు మించితే వారసులు ఒప్పుకోవాలి. క్రైస్తవులకి 2003 దాకా ఇంకో అన్యాయం ఉండేది. దగ్గరి బంధువులున్నవాళ్లు ధర్మకార్యానికి రాయాలంటే, పోవడానికి ఏడాది ముందే రాసి, రాసిన ఆరు నెలల్లోపు చట్టం చెప్పిన చోట అప్పగించి భద్రపరచాలి. చావు ఎప్పుడొస్తుందో ఏడాది ముందే తెలియాలన్నమాట! సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. 1885 నుంచి ఏసీ కాలేజీ, అంటే ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ, ఉన్న ఊరు మనది, ఈ సంగతి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

సాక్షుల విషయం చాలా తేలిక, అందుకే చాలామంది అక్కడే తప్పు చేస్తారు. మీరు సంతకం పెట్టడం చూసిన ఇద్దరు, మీ ఎదుట సంతకం పెట్టాలి. లోపల ఏముందో వాళ్లకి తెలియక్కర్లేదు. మీకంటే చిన్నవాళ్లని పెట్టుకోండి. వీలునామా నిరూపించాలంటే కనీసం ఒక సాక్షి కోర్టుకి రావాలి, మీ ఈడు స్నేహితుడు మీకంటే ముందే పోతే ఎవరొస్తారు? స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయించండి. లేదంటే కవర్లో సీలు వేసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకోవచ్చు, ఆ సౌకర్యం సంగతి ఎవరికీ తెలియదు. బ్యాంకులో నామినీ పెట్టేశాం కదా అంటారు. నామినీ డబ్బు తీసుకునేవాడే గానీ, సొంతదారు కాదని కోర్టులు మళ్లీ మళ్లీ చెప్పాయి.

ఇప్పుడు ఒక కథ చెబుతాను. మన కాలేజీ కాదు, ఏ కాలేజీయో చెప్పను. నాతో పొద్దున్నే నడకకి వచ్చే ఒక మాస్టారు ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. పట్టాభిపురంలో మూడు గదుల పెంకుటిల్లు, ముందు పొగడచెట్టు. ఆ చెట్టు కింద ముప్పై ఏళ్లు పిల్లలకి ఉచితంగా చదువు చెప్పారు. ఇల్లు కాలేజీకి రాస్తానని నడకలో కనీసం పదిసార్లు నాతో అన్నారు. "రాయండి మాస్టారూ" అంటే "తొందరేముంది" అనేవారు. చివరికి ఆసుపత్రిలో చేరాక కబురు పెట్టారు. కాలేజీ నుంచి పెద్దమనిషి ఒకాయన వచ్చి, కాగితం వాళ్ల ఆఫీసులోనే టైపు చేయించి తెచ్చారు. సాక్షులు ఆ కాలేజీ అకౌంటెంటు, లైబ్రేరియను. సంతకం వంకరపోయింది. తొమ్మిదో రోజున మాస్టారు పోయారు.

అన్న కొడుకులు కోర్టుకెక్కారు. వాళ్లు దుర్మార్గులని నేననను. వాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, పన్నెండో రోజున తెలిసింది. లబ్ధి పొందేవాళ్లే కాగితం తయారుచేసి, వాళ్ల మనుషులే సాక్షులై, రోగి మంచం మీద సంతకం పెట్టించుకుంటే ఏ జడ్జీకైనా అనుమానం రాదా? అలాంటి అనుమానాలని తీర్చే బాధ్యత వీలునామా చూపించేవాడిదేనని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. ఏడేళ్లు నడిచింది. నన్నూ పిలిచారు. "మాస్టారు నాతో అన్నారు" అంటే, "ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట" అని అడిగారు. మా ఇద్దరి ఎదుట, ఇంకా ఒక కుక్క అని చెప్పాలా? ఆ ఏడేళ్లలో రెండు వానలకి పెంకులు జారిపోయాయి, తరవాత దూలం. చివర్లో రాజీ పడ్డారు. అపార్టుమెంటు లేచింది. కాలేజీకి ఎంతో కొంత వచ్చింది. పొగడచెట్టు ఉన్నచోట ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. నడకకి వెళుతూ రోజూ చూస్తాను.

మాస్టారు ఒక్క ఆదివారం అన్న కొడుకులని భోజనానికి పిలిచి, వకీలు దగ్గర రాసిన కాగితం చూపించి ఉంటే ఇదంతా లేదు.

అందుకే మా పిల్లలకి నేను సంక్రాంతికి వచ్చినప్పుడే చెప్పాను. అమ్మాయిది హైదరాబాదు, అబ్బాయిది న్యూజెర్సీ. అబ్బాయి ఏమీ అనలేదు, సకినాలు తింటూ "నాయనమ్మ పేరున గుడికి ఇవ్వొచ్చుగా" అన్నాడు. గుడికి మీ నాయనమ్మే ఇచ్చుకుందిరా అన్నాను. అమ్మాయి మాత్రం సూటిగా అడిగింది: "కమిటీ వాళ్లు తినేస్తే?" ప్రిన్సిపాల్ గారూ, కరస్పాండెంట్ గారూ, మీరిక్కడే ఉన్నారు కాబట్టి మీ ముందే చెబుతున్నాను, ఇది నా కూతురి ప్రశ్న ఒక్కదానిదే కాదు, ఈ హాల్లో సగం మందిది. నేను దానికి చేసింది ఇది. డబ్బు విడిగా ఒక ఖాతాలో ఉంచాలని, ఏటా ఎంత వచ్చింది, ఎవరికిచ్చారు అనే లెక్క ఒక కాగితం మీద మా అమ్మాయికి, ఆమె తరవాత ఆమె పిల్లలకి పంపాలని రాశాను. మూడేళ్లు వరసగా పంపకపోతే డబ్బు మరో సంస్థకి మార్చమని అడిగే హక్కు వాళ్లకి రాశాను. అది కోర్టులో ఎంత నిలుస్తుందో చూడాలి గానీ, ఏటా ఒకరు అడుగుతారని తెలిస్తే డిట్టోలు పెట్టడం తగ్గుతుంది.

అమెరికా పౌరసత్వం తీసుకున్న పిల్లలు ఇవ్వాలనుకుంటే అది విదేశీ విరాళం కింద లెక్క. కాలేజీ సొసైటీకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీ స్టేట్‌ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఉన్నవాళ్లు తమ డబ్బు ఇస్తే ఆ బాధ లేదు.

ఇప్పుడు దేనికివ్వాలి? ఇది అసలు ముఖ్యం. బంగారు పతకాలు చాలు. పది గ్రాములు లక్ష దాటిన రోజుల్లో మీ నిధి వడ్డీకి పతకం కాదు, పతకం పెట్టే డబ్బా వస్తుంది. "మా కులం పిల్లలకి" అని రాస్తామంటారు కొందరు. దాత ఇష్టం. కానీ ఒక కులానికో మతానికో మాత్రమే అని కడితే పన్ను చట్టంలో ఆ ధర్మనిధికి మినహాయింపు పోయే ప్రమాదముంది. అది పక్కన పెట్టినా, నేను మాత్రం వద్దంటాను. మన రిజిస్టర్‌లో అలాంటి పేజీలు మూడున్నాయి. రెండింటిలో కొన్నేళ్లు అర్హులే దొరకలేదు. పక్కనే పరీక్ష ఫీజు కట్టలేని పిల్లవాడు నిలబడి ఉన్నాడు.

ఆ నిలబడడం నేను చూశాను. పరీక్ష ఫీజు ఆఖరి రోజు, సాయంత్రం నాలుగు. క్యాష్ కౌంటర్ కిటికీ దగ్గర ఒక కుర్రాడు. మడతలు పడ్డ నోట్లు ఒక్కొక్కటే విప్పి లెక్కపెడుతున్నాడు. నూట ఎనభై తక్కువ. పక్కకి జరిగి లైనులో ఉన్న మిగతావాళ్లని ముందుకి పొమ్మన్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు, లెక్కపెడితే పెరుగుతాయన్నట్టు. మా అటెండరు జేబులోంచి తీసి ఇచ్చాడు. బ్యాంకులో పద్నాలుగు వేలు పీయూసీ పిల్లవాడి కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డిట్టోలు ఆపింది ఆ ఏడాదే.

పరీక్ష ఫీజు, హాస్టల్ మెస్ బిల్లు, బస్ పాస్. ఇవి ఏ కోర్సు ఎత్తేసినా ఉంటాయి. "కాలేజీలో చదువుతూ డబ్బు లేక ఇబ్బంది పడే విద్యార్థులకి, ప్రిన్సిపాల్, ఇద్దరు లెక్చరర్లు కలిసి నిర్ణయించిన విధంగా" అని రాస్తే చాలు. పేరు పెట్టుకోవాలంటే పెట్టుకోండి, తప్పేం లేదు. మా అమ్మ పేరు నేనూ పెట్టాను.

లెక్క ఒకటి చెప్పి ఆపుతాను, కామర్స్ మాస్టారిని కదా. పది లక్షలు నిధి పెడితే ఏడు శాతం చొప్పున ఏటా 70,000 వస్తుంది. అంతా ఖర్చు పెట్టేస్తే, ధరలు ఏటా అయిదు శాతం పెరిగితే, పద్నాలుగేళ్లకి ఆ 70,000 ఇవాళ్టి 35,000తో సమానం. ఇరవై ఎనిమిదేళ్లకి అందులో సగం. అందుకని వడ్డీలో కొంత, మూడో వంతు అయినా, అసలుకి కలపాలని రాయండి. మీ మొత్తం రెండు లక్షల లోపైతే నిధి జోలికే పోవద్దు. "పదేళ్లలో అసలుతో సహా ఖర్చు పెట్టేయండి" అని రాయండి. శాశ్వతం అనే మాట మీద మనకి మోజు ఎక్కువ. పదేళ్లలో ఎనభై మంది ఫీజు కట్టి రిజిస్టర్‌లో పేజీ మూసేస్తే ఎవరికి నష్టం? నేను చూసినంతలో ఆ రిజిస్టర్‌లో హాయిగా మూసేసిన పేజీ ఒక్కటే ఉంది, అది అలా రాసినదే.

పుస్తకాల సంగతి చెబుతానన్నాను. నా దగ్గర ఆరు వందల దాకా ఉన్నాయి. జాన్ హార్వర్డ్ కంటే ఎక్కువే. మొదటి వీలునామాలో అవన్నీ కాలేజీ లైబ్రరీకని గొప్పగా రాశాను. రెండేళ్ల కిందట లైబ్రేరియన్ అమ్మాయి, మన దగ్గర చదువుకున్న పిల్లే, ఇంటికి వచ్చి బీరువాలు చూసింది. ఒక అకౌంటెన్సీ పుస్తకం తీసి దుమ్ము ఊదింది. "మాస్టారూ, ఇందులో సిలబస్ రెండుసార్లు మారిందండీ. ఇవి పెట్టాలంటే ర్యాకులు కొనాలి. ర్యాకులకి డబ్బిస్తారా?" అంది. మర్నాడు వకీలు దగ్గరికెళ్లి పుస్తకాల పేరా కొట్టేయించాను. ఆ పుస్తకాల్లో కొన్ని ఇవాళ సంచిలో వేసి తెచ్చాను, బయట బల్ల మీద ఉన్నాయి. కావలసినవాళ్లు తీసుకోండి. మూడు వంతెనల దగ్గరున్నవాళ్లు వచ్చేశారనుకుంటా, ఇక భోజనాలకి లేద్దాం.